నీళ్ల వైపు అరవై మంది

మొదటి రోజు

ఈ ఉదయం నూట ఇరవై సీసాలు కడిగాను. మంచినీళ్లు మనిషికి రోజుకు రెండు చెంబులే కనుక ముందు ఉప్పునీళ్లతో కడిగి, చివర ఒక్కో గుక్క మంచినీళ్లు పోసి తిప్పి పారబోశాను. నా వంతు నీళ్లు దానికే అయిపోయాయి. సీసాలకు అంకెలు వేసి బల్ల మీద వరసగా పెట్టేసరికి జావ గంట కొట్టారు.

అరవై సీసాల్లో మందు పోస్తాను, అరవైలో నీళ్లు. రెండూ పచ్చగానే ఉంటాయి, రెండూ చేదే. డాక్టర్ యోహాను గారు నాచేత రెండూ రుచి చూపించారు. ఏది ఏదో చెప్పలేకపోయాను. ఆయన సంతోషించారు. తాగేవాళ్లకు తెలియకూడదు, తాగించేవాళ్లకు తెలియకూడదు, చివరికి గోళ్లు చూసి రాసుకునే తనకు కూడా తెలియకూడదు అన్నారు. తెలిస్తే కళ్లు తమకు కావలసిందే చూస్తాయట. ఏ అంకె ఏ వైపో రాసిన పట్టీ నా ఒక్కదాని దగ్గరే ఉంటుంది.

నా పేరు నూకరత్నం. మూడో గట్టు లెక్కల గదిలో పదహారేళ్లుగా పుట్టినవాళ్లను, పోయినవాళ్లను, తొట్టెల్లో పెరిగిన నాచును రాస్తున్నాను. ఇవాళ్టికి గట్టు మీద తొమ్మిది వందల పన్నెండు మందిమి. అవతల సముద్రం, ఇవతల మేం, మధ్యన ఆగకుండా నీళ్లు తోడే పంపులు. పంపు గోతుల బూజు ఊపిరిలోకి పోతే నీలిగోరు వస్తుంది. ముందు గోరు అంచు నీలమవుతుంది. నీలం వేలి మొదటి కణుపు దాటిందంటే ముదిరినట్టు. నూట ఇరవై మందికి ఇప్పుడు ఆ నీలం ఉంది. అందులో నలభై నాలుగు మందికి కణుపు దాటింది. వాళ్ల గోళ్లు డాక్టరు గారి ముందే కొలిచి రాసుకున్నాను.

పంపు మీద పనిచేసే నా తమ్ముడు పోతురాజు పేరూ ఆ నూట ఇరవైలో ఉంది. వాడిది అంచు నీలం.

రెండో రోజు

సభలో డాక్టరు గారు రుజువు అంటే ఏమిటో చూపించారు. పోయిన ఏడు ఏ మందూ లేకుండా జబ్బు పడిన నూట ఇరవై మంది పేర్లు చీటీల మీద రాయించి తెచ్చారు. అందులో నలభై నాలుగు మంది పోయారు. ఆ చీటీలను కలిపి, కళ్లు మూసుకుని రెండు కుప్పలు చేసి, ఏ కుప్పలో ఎన్ని చావులో లెక్కపెట్టించారు. తేడా నాలుగు వచ్చింది. మళ్లీ కలిపారు. రెండు. మళ్లీ. ఈసారి పది. ఎవరికీ ఏ మందూ ఇవ్వలేదు, అయినా ఒక కుప్పలో పది చావులు తక్కువ.

రోజంతా కూర్చుని వందసార్లు అలా పంచాం. పన్నెండు గానీ అంతకు మించి గానీ తేడా వచ్చింది నాలుగుసార్లే. అందుకని గీత పన్నెండు దగ్గర గీశారు. మందు వైపు కంటే నీళ్ల వైపు పన్నెండు మంది ఎక్కువ పోతేనే మందు పనిచేసిందని సభ ఒప్పుకుంటుంది. నలభై రోజులు గడువు.

సభ పెద్ద వెంకాయమ్మ గారు ఆ అంకెను గోడ మీద రాయించారు. ఆవిడ కఠినురాలని అందరూ అంటారు. పదకొండేళ్ల కిందట ఎవరో తెచ్చిన మందును నమ్మి సగం నాచు తొట్టెలు దానికి ఇచ్చేశాం. ఆ నాచుతో కాచే జావ సగమైంది. ఆ ఏడు ఆకలితో నలభై ఒక్క మంది పోయారు, ఎక్కువమంది ఐదేళ్లలోపు పిల్లలే. మందు మాత్రం ఏమీ చేయలేదు. ఆ నలభై ఒక్కరిలో వెంకాయమ్మ గారి మనవలు ఇద్దరు. ఈ మందూ తొట్టెల్లో పెంచే నాచే, ఇప్పుడు దీనికీ సగం తొట్టెలు కావాలి.

సాయంత్రం గది తలుపు వేసుకుని, ఎవరు ఏ వైపో తేల్చే చీటీలు తీశాను. పోతురాజు చీటీ మందు వైపు పడింది. చాలాసేపు ఆ చీటీని చేతిలోనే పట్టుకున్నాను.

మూడో రోజు

పొద్దున్నే మాణిక్యం వచ్చింది. మా వరసలోనే నాలుగో గది. మొగుడు గవరయ్యకు నీలం రెండో కణుపు దాకా పాకింది. తొమ్మిదేళ్ల కూతురు ముత్యాలును వెంటబెట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. ఏడవలేదు.

"నా మొగుడు ఏ పక్కనున్నాడో సెప్పొద్దు రత్నమ్మా. ఆ పక్కనుంటే ఈ పక్కకి మార్చీ. ఈ పక్కనుంటే వొదిలీ. నువ్వేటి సేసినావో నానడగను."

గవరయ్య నీళ్ల వైపు ఉన్నాడు.

మధ్యాహ్నం దాకా వస్తూనే ఉన్నారు. ముదిరినవాళ్లలో నీళ్ల వైపు పడినవాళ్లు ఇరవై రెండు మంది. అందులో పద్నాలుగు మంది తాలూకు మనుషులు నా గుమ్మం ఎక్కారు. వాళ్లకు ఏమీ తెలియదు. నాకు తెలుసు. ఒకావిడ నా కాళ్ల దగ్గర కూర్చుని తన తండ్రికి నీలం ఎంతవరకు పాకిందో తన చేతి మీద చూపించింది.

వాళ్లు వెళ్లాక పట్టీ మళ్లీ రాశాను. ఆ పద్నాలుగు మందినీ మందు వైపుకు తెచ్చాను. అరవై అరవైగానే ఉండాలి కనుక మందు వైపు నుంచి పద్నాలుగు మందిని నీళ్ల వైపుకు పంపాలి. అంచు నీలం మాత్రమే ఉన్నవాళ్లను ఏరాను. వాళ్లలో నలుగురికి ముగ్గురు మందు లేకపోయినా లేచి తిరుగుతారు. అలా ఏరిన పేర్లలో మొదట రాసింది పోతురాజు పేరు. నా మనిషిని దాచుకుని పరాయివాళ్ల మీద కత్తి పెట్టానని రేపు నాకు నేనే అనుకోకూడదు.

పాత పట్టీ పొయ్యిలో వేశాను. చాలా రోజుల తరవాత నేనొక మంచి పని చేశాననిపించింది.

పన్నెండో రోజు

మొత్తం తొమ్మిది మంది పోయారు. రోజూ పొద్దున సీసాలు నింపడం, అంకెల వరసలో పెట్టెల్లో సర్దడం, వార్డు ఆడవాళ్లు వచ్చి పట్టుకెళ్లడం. దారిలో జనం నా ముఖం చూస్తున్నారు. నేను తల వంచుకుని నడిస్తే ఎవరో పోతారని అర్థం చేసుకుంటున్నారు, తల ఎత్తి నడిస్తే ఎవరో బతుకుతారని. అందుకని ఇంటి నుంచి గదికి పంపుల వెనక దారిన వెళ్తున్నాను.

పోతురాజు తన సీసా నా ఎదురుగానే తాగుతాడు. ఇవాళ మూతి తుడుచుకుని, "గోరు తెల్లబడతాదో నేదో గానీ అక్కా, నాలిక మాత్రం సచ్చిపోనాది," అన్నాడు. నేను నవ్వాను.

గవరయ్య గోరు రంగు తగ్గుతోందని మాణిక్యం వార్డులో అందరికీ చూపిస్తోందట.

ముప్పై ఒకటో రోజు

పోతురాజు నీలం కణుపు దాటింది. పంపు దగ్గర నుంచి మోసుకొచ్చి వార్డులో పడుకోబెట్టారు.

సీసాలు నింపేది నేనే. ఇంకో సీసాలో మందు పోసి వాడి అంకె వేయడం నాకు క్షణం పని. కానీ తొట్టెల్లో మందు నాచు తగ్గింది, మందు వైపు మిగిలినవాళ్లకే సరిగ్గా సరిపోతోంది. ఎవరిదో తీయాలి. బల్ల ముందు కూర్చుని పట్టీ పైనుంచి కిందికి చదివాను. మందు వైపు బతికి ఉన్న ప్రతి పేరు దగ్గరా ఆగాను. గవరయ్య దగ్గర ఎక్కువసేపు ఆగాను. అతను ఇవాళ లేచి కూర్చుని జావ తాగాడు.

ఏ సీసా మార్చలేదు. ధైర్యం లేక మార్చలేదు, న్యాయమని కాదు.

ముప్పై ఎనిమిదో రోజు

మధ్యాహ్నం పోతురాజు పోయాడు. ఇరవై ఆరేళ్లు. మందు పనిచేయట్లేదని డాక్టరు గారికి చెప్పమన్నాడు, ఆయన బాధపడతారేమో మెల్లగా చెప్పమన్నాడు. నీళ్ల వైపు గడిలో రాశాను.

నలభై నాలుగో రోజు

గడువు తీరింది. సభలో పట్టీ విప్పారు. అంతవరకూ డాక్టరు గారికి కూడా ఎవరు ఏ వైపో తెలియదు. వెంకాయమ్మ గారు ఒక్కో పేరూ చదువుతుంటే ఆయన రెండు వరసల్లో గీతలు గీశారు.

నీళ్ల వైపు ఇరవై మంది పోయారు. మందు వైపు ఇరవై ఒక్కరు.

డాక్టరు గారు గీతలు మళ్లీ లెక్కపెట్టారు. మూడోసారి కూడా లెక్కపెట్టి పెన్సిలు కింద పెట్టారు. ఆయనకు అరవై ఏడేళ్లు. ఆ మందు కోసం తొమ్మిదేళ్లు పనిచేశారు. సభకు నమస్కారం చేసి, పొరపాటు పడ్డానని ఒప్పుకుని, తొట్టెలు ఖాళీ చేసుకోమన్నారు. సాయంత్రానికి మందు నాచు మొత్తం సముద్రంలో కలిపేశారు. విత్తనానికని ఒక జాడీ మాత్రం ఆయన తన గదిలో ఉంచుకున్నారు.

నలభై ఏడో రోజు

ఇవాళ గోళ్ల కొలతల పుస్తకం తీసి, ముదిరినవాళ్లను ఒక కాగితం మీద, అంచు నీలం వాళ్లను ఇంకో కాగితం మీద విడిగా రాశాను.

ముదిరినవాళ్లలో మందు తాగింది ముప్పై ఆరుగురు. అందులో పంతొమ్మిది మంది పోయారు, అంటే సగం. నీళ్లు తాగింది ఎనిమిది మంది. ఏడుగురు పోయారు.

అంచు నీలం వాళ్లలో మందు తాగింది ఇరవై నాలుగు మంది. ఇద్దరు పోయారు. నీళ్లు తాగింది యాభై ఇద్దరు. పదమూడు మంది పోయారు.

రెండు కాగితాల మీదా మందు గెలిచింది. కలిపితే ఓడింది. చావుకు దగ్గరైనవాళ్లను నేనే మోసుకొచ్చి మందు వైపు పోశాను, బతికేవాళ్లను నీళ్ల వైపు పంపాను. నేను ఆ పట్టీ ముట్టుకోకపోయి ఉంటే మందు వైపు సుమారు పదిహేను, నీళ్ల వైపు సుమారు ఇరవై తొమ్మిది వచ్చేవి. తేడా పద్నాలుగు.

నేను మార్చిన పద్నాలుగు మందిలో ఏడుగురు బతికారు. మార్చకపోతే ఇద్దరు బతికేవారేమో. వాళ్ల బదులు పంపినవాళ్లలో నలుగురు పోయారు. మార్చకపోతే ఒకరు పోయేవారు. అంటే ఐదుగురిని నిలబెట్టి ముగ్గురిని చంపాను. ఆ లెక్క వరకూ చూస్తే ఇప్పటికీ నా వైపే మొగ్గుతుంది. కానీ మందు ఇప్పుడు సముద్రంలో ఉంది, జబ్బు పడినవాళ్లు నూట అరవై అయ్యారు.

నలభై ఎనిమిదో రోజు

డాక్టరు గారికి చెప్పాను. ఆయన కాగితాలు రెండూ చూశారు. కోప్పడతారనుకున్నాను. తమ్ముడిని కూడా అటు పంపావా అని అడిగారు. అవునన్నాను.

"నీ తమ్ముడి కోసం ఒక్క సీసా దొంగిలించి ఉంటే బాగుండేది రత్నమ్మా. ఒక్క చీటీ పోయేది. రుజువు నిలబడేది."

ఈ రెండు కాగితాలు సభకు చూపిస్తే సరిపోదా అని అడిగాను. తల అడ్డంగా ఊపారు. ఫలితం చూశాక ఎవరైనా తనకు కావలసిన చోట గీత గీసి విడదీయగలరట. ముదిరినవాళ్లు, ముదరనివాళ్లు, ఆడవాళ్లు, మగవాళ్లు, పొడుగువాళ్లు, పొట్టివాళ్లు. ఎలాగో ఒకలాగ విడదీస్తే ఏదో ఒక కాగితం మీద ఏ మందైనా గెలుస్తుందట. పైగా ఇవి పట్టీ మార్చినదాని చేతిరాత. ఎవరు నమ్మాలి?

యాభయ్యో రోజు

సభలో నిలబడి అంతా చెప్పాను. ఈ లెక్కలో రెండు వైపులా చనిపోయిన నలభై ఒక్కమంది తాలూకు మనుషులు ఎదురుగా ఉన్నారు. ఎవరూ నన్ను కొట్టలేదు. ఒకాయన లేచి బయటికి వెళ్లిపోయాడు. అతని భార్య నేను అంచు నీలం చూసి నీళ్ల వైపు పంపినవాళ్లలో ఒకర్తె.

వెంటనే మందు మొదలుపెట్టండి అని కొందరు అన్నారు. వెంకాయమ్మ గారు వాళ్లు చెప్పేది అంతా విని, నా వైపు తిరిగారు.

"దీని మాట మీద ఊరి జావ సగం సేయమంటారా? అప్పుడూ ఒకడి మాట మీదే సేసినాం."

మళ్లీ మొదటి నుంచి లెక్క పెట్టాలని తీర్మానించారు. మళ్లీ నూట ఇరవై మంది, అరవై మందికి నీళ్లు. నన్ను పని నుంచి తీసేయమని అడిగాను. ఈ పని తెలిసినది గట్టు మీద నేనొక్కదాన్నే కనుక తీసేయలేదు. చీటీలు తీసేటప్పుడు, సీసాలు నింపేటప్పుడు ఇద్దరు సాక్షులు పక్కన ఉంటారు. నా దగ్గరుండే పట్టీ కాక ఇంకో మూడు ప్రతులు రాసి సీలు వేస్తారు.

రెండో లెక్క, మొదటి రోజు

జాడీలోని విత్తనంతో అరవై మందికి సరిపడే మందు పండటానికి ఇరవై రెండు రోజులు పట్టింది. ఈలోగా మందేదీ లేకుండా యాభై ఇద్దరు పోయారు. వాళ్ల పేర్లు ఏ వైపు గడిలోనూ రాయక్కర్లేదు. మామూలు చావుల పుస్తకంలో రాశాను.

జబ్బు పడినవాళ్లు ఇప్పుడు రెండు వందల నాలుగు. అందులో నూట ఇరవై మందిని కూడా చీటీలతోనే తీశాం. ఎనభై ఎనిమిదో అంకె డాక్టరు గారిది. వారం కిందట ఆయన గోరు అంచు నీలమైంది. మందు చేసినవారు కనుక ఆయనకు వేరే ఉంచుదామని సాక్షుల్లో ఒకరు అంటే ఆయన ఒప్పుకోలేదు.

రెండు సీసాలూ ఆయన చేతి పనే, ఎంత పోలిక ఉన్నా ఆయన నాలుకకు తేడా తెలిసిపోతుందని నాకు అనుమానం. ఆయనకూ ఉంది. అందుకని తాగే ముందు ఒక ఎండుమిరపకాయ కొరికి బాగా నమిలి, కళ్లలో నీళ్లు కారుతుండగా గటగటా తాగుతానన్నారు.

ఆయన చీటీ నీళ్ల వైపు పడింది. సాక్షులిద్దరూ నన్నే చూశారు. రాసి, తరవాతి చీటీ తీశాను.

రెండో లెక్క, ఇరవై మూడో రోజు

మందు వైపు ఎనిమిది మంది పోయారు. నీళ్ల వైపు పద్నాలుగు.

గవరయ్య పంపు పనికి వెళ్తున్నాడు. మాణిక్యం కనబడితే పలకరిస్తుంది. ఆమె మొగుడి పేరు నేను మందు వైపుకు మార్చిన పద్నాలుగు మందిలో ఉందని సభలోనే అందరికీ తెలిసింది. అప్పటి నుంచి మా వరసలో నాతో మాట్లాడేది ఆమె ఒక్కతే.

రెండో లెక్క, ముప్పై ఏడో రోజు

మందు వైపు పదిహేను. నీళ్ల వైపు ఇరవై ఐదు. తేడా పది.

ఇవాళ పొద్దున పట్టీ ముందు కూర్చుని నీళ్ల వైపు బతికి ఉన్నవాళ్ల పేర్లు చదువుతున్నాను. వీళ్లలో ఈ మూడు రోజుల్లో ఎవరు పోతారా అని చూస్తున్నానని కాసేపటికి తెలిసింది. ఇద్దరు కావాలి. చేపల బుట్టలో చెయ్యి పెట్టి వెతికినట్టు వెతుకుతున్నాను. ఒక ముసలాయన పేరు దగ్గర, ఈయన నిన్న మళ్లీ లేచి నడిచాడని గుర్తొచ్చి చిరాకు పడ్డాను.

పట్టీ మూసేశాను. అయినా ఆ రెండు అనే అంకె తలలోంచి పోలేదు.

రెండో లెక్క, నలభయ్యో రోజు

నిన్న ఒకరు పోయారు. నీళ్ల వైపే. ఇవాళ పొద్దుటికి పదిహేను, ఇరవై ఆరు. తేడా పదకొండు. సాయంత్రం ఆరు గంటల గంట కొట్టేలోగా నీళ్ల వైపు ఇంకొకరు పోతే పన్నెండు.

మధ్యాహ్నం నుంచి డాక్టరు గారి పక్కన కూర్చున్నాను. గాలి గొట్టం పెట్టారు. నీలం అరచేతి దాకా వచ్చింది. నాలుగున్నరకు కళ్లు తెరిచి, నేనెందుకు అలా కూర్చున్నానో చూశారు. ఆయనకు అంకెలు తెలియకూడదు. నా ముఖం దాచుకోవడానికి సీసాలు సర్దుతున్నట్టు లేవబోయాను.

"చెప్పకు రత్నమ్మా. ఎంతవరకు వచ్చిందో చెబితే, ఈ గొట్టం నేనేం చేస్తానో నాకే తెలీదు. అప్పుడది జబ్బు చంపినట్టు కాదు."

చెప్పలేదు. ఐదున్నరకు వార్డు ఆడవాళ్లు జావ వరసకు వెళ్లారు. సాక్షులు సభ దగ్గర ఉన్నారు. గదిలో మేమిద్దరమే. ఆయన ఊపిరి ఒకటి తీసుకుని, చాలాసేపటికి ఇంకొకటి తీసుకుంటున్నారు. ప్రతిసారీ ఇదే చివరిదనుకున్నాను. ఇదే చివరిది కావాలనుకున్నాను. నాకు లెక్క నేర్పిన మనిషి ఛాతీ మీద కళ్లు పెట్టి, అది మళ్లీ లేవకూడదని కోరుకున్నాను. అది లేచింది.

ఆరు గంటలకు గంట కొట్టారు. ఆయన ఊపిరి ఇంకా ఆడుతోంది.

ఆరు ఇరవైకి పోయారు.

కళ్లు మూసి, దుప్పటి సర్ది, పట్టీ తీశాను. చావు వేళ రాసే గడి ఖాళీగా ఉంది. గదిలో ఎవరూ లేరు. అయిదూ యాభై అని రాస్తే పన్నెండు అవుతుంది. గోడ మీది అంకె అదే. రేపటి నుంచి తొట్టెలు వస్తాయి. మందు పనిచేస్తుందని నాకు నా చేతి వేళ్లు తెలిసినంత బాగా తెలుసు. పదహారేళ్లలో ఇంత తేలికైన అబద్ధం నాకెప్పుడూ దొరకలేదు. పోయినసారి కూడా నాకు తెలుసనే అనుకున్నాను.

ఆరు ఇరవై అని రాశాను.

మరునాడు

సభ నిండిపోయింది. వెంకాయమ్మ గారు చదివారు. మందు వైపు పదిహేను, నీళ్ల వైపు ఇరవై ఆరు. అప్పటికే డాక్టరు గారు పోయారని అందరికీ తెలుసు. ఆయన ఏ వైపు అని ఎవరో అడిగారు. నీళ్ల వైపు అని చెప్పాను. జనంలో కదలిక వచ్చింది. అయితే పన్నెండే కదా అన్నారు. వెంకాయమ్మ గారు చేయెత్తి, ఆయన పోయింది ఎప్పుడని నన్ను అడిగారు.

గంట కొట్టాక, ఆరు ఇరవైకి అన్నాను.

ఎవరు చూశారని అడిగారు. నేనొక్కదాన్నే అన్నాను. ఆవిడ నా ముఖంలోకి చాలాసేపు చూశారు. నేను మాట మార్చుకుంటానేమోనని ఎదురుచూశారనుకుంటాను. మార్చుకుంటే ఆవిడ కాదనేవారా? నాకు తెలియదు. ఆవిడ చేతి వేళ్లు ఒళ్లో ముడుచుకుని ఉన్నాయి, చూపుడువేలి గోరు అంచు నీలంగా ఉంది.

"పదకొండు పన్నెండు కాదు," అని వెంకాయమ్మ గారు పట్టీ మూశారు.

మెట్ల దగ్గర మాణిక్యం నా దారికి అడ్డంగా నిలబడింది. ముత్యాలు చెయ్యి పట్టుకుని ఉంది. ఆ పిల్ల గోళ్లు నాకు చూపించింది. నాలుగు వేళ్లకు అంచు నీలం.

"అప్పుడు అబద్ధమాడి నా మొగుణ్ణి బతికించినావు. ఇప్పుడు నిజం సెప్పి ఏటి సేసినావో సూడు."

ఆ పిల్ల చెయ్యి వదలకుండా మాణిక్యం మెట్లు దిగింది.

మూడో లెక్క, మొదటి రోజు

తేడా గీతకు ఒక్కటి తక్కువ వచ్చింది కనుక ఈసారి ఎక్కువమందిని తీసుకోవాలని సభ తీర్మానించింది. రెండు వందల మంది. మందు వందమందికి ఉంది, నీళ్లు వందమందికి. కొత్త గీత ఎక్కడ గీయాలో నేనే చీటీలు వందసార్లు పంచి చూపించాను. సభలో ఎవరూ తప్పు పట్టలేదు. డాక్టరు గారు ఉంటే అలాగే చేసేవారు. మందు తాగితే బతికేవాళ్లు ఈ నలభై రోజుల్లో నీళ్ల వైపు ఎంతమంది ఊరికే పోతారో కూడా సుమారుగా లెక్క వేశాను. ఇరవై మంది దాకా ఉంటారు. ఆ కాగితం ఎవరికీ చూపించలేదు.

వెంకాయమ్మ గారు తన పేరు కూడా ఇచ్చారు. మందు వైపు పడ్డారు.

ముత్యాలు అంకె నూట పన్నెండు. ఆ చీటీ వచ్చేసరికి సాక్షుల్లో చిన్నవాడు కిటికీ వైపు తిరిగాడు. నీళ్ల వైపు. రాశాను. మిగిలిన ఎనభై ఎనిమిది చీటీలు తీసి, మూడు ప్రతులు రాసి, సీలు వేయించి తలుపు తెరిచాను.

వరండాలో జనం ఉన్నారు. అందరికంటే ముందు మాణిక్యం. నా కళ్లు, నోరు, చేతులు ఒకదాని తరవాత ఒకటి వెతికింది. ఎక్కడైనా ఏదైనా దొరుకుతుందేమోనని.

పాపను రోజూ పొద్దున ఏడు గంటలకు తీసుకురమ్మని, ఖాళీ కడుపుతో తాగించాలని, ఒక్క పూట కూడా మానవద్దని చెప్పాను.

మాణిక్యం తలూపింది. నా గొంతులో తడబాటు లేదని ధైర్యం వచ్చినట్టుంది, ఆ పిల్ల జుట్టు సవరించి, "ఇన్నావా, ఏడింటికి," అంది.